ప్రతివాది ఎవరు? – వాహన ప్రమాద పరిహార న్యాయ చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు వేసే పరిహార వ్యాజ్యాల చరిత్రను సాధారణంగా బాధితుని వైపు నుంచి చెప్పుకొంటాం. అది సముచితమే. అయితే ఆ చరిత్రకు రెండో వైపు ఒకటుంది. కోర్టు నోటీసు అందుకొన్నవాడు ఎవరు? అతణ్ణి ఏ కారణం చేత అక్కడ నిలబెట్టారు? స్మృతికాలపు సారథి నుంచి నేటి బీమా సంస్థ వరకు ప్రతివాది స్థానంలోకి ఎవరెవరు వచ్చారో, ఎవరు తప్పుకొన్నారో, ఎవరు తప్పుకోలేకపోయారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలన భారతదేశ చట్టాలకు, ప్రధానంగా సుప్రీంకోర్టు తీర్పులకు పరిమితం.

కీలకపదాలు: ప్రమాదం, ప్రతివాది, నష్టపరిహారం, సముత్థానవ్యయం, తృతీయపక్ష బీమా, మోటారు వాహనాల చట్టం.

ఉపోద్ఘాతం

‘ప్రమాదం’ అనే మాటతో మొదలుపెట్టడం తెలుగు అధ్యాపకుడికి సులువు. ఈ విషయంలో అవసరం కూడా. సంస్కృతంలో ఈ శబ్దానికి ఏమరుపాటు అని అర్థం. అమరకోశం దీనికి అనవధానతను పర్యాయంగా చెప్పింది. అంటే మూలార్థంలో ప్రమాదం మనిషికి జరిగేది కాదు, మనిషి చేసేది. తెలుగు వాడుకలో ఇది క్రమంగా ఆపదగా, ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చిపడిన కీడుగా మారింది. ‘ప్రమాదవశాత్తు’ అని పత్రికలో చదివినప్పుడు అందులో ఎవరి తప్పూ లేదనే అర్థమే మనకు స్ఫురిస్తుంది. అందుకే ఎఫ్.ఐ.ఆర్. రాసేవారు ‘ప్రమాదం’ అని వదిలిపెట్టరు. ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాటలు తప్పక చేరుస్తారు. శబ్దం పోగొట్టుకొన్న అర్థాన్ని విశేషణాలతో తిరిగి తెచ్చుకోవలసి వచ్చిందన్నమాట.

వాహన ప్రమాద పరిహార న్యాయం కూడా ఇదే దారిలో నడిచింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో బయలుదేరి, ఆ ప్రశ్న అడగకుండానే పరిహారం ఇప్పించే దశకు చేరింది. ఈ పోలిక ఎంత దూరం నిలుస్తుందో చివర చూద్దాం.

పదాల విషయంలో ఇంకొక విశేషముంది. ‘ముద్దాయి’ అరబ్బీ నుంచి వచ్చిన మాట. అక్కడ దానికి వాది, అంటే దావా వేసినవాడు అని అర్థం. తెలుగులో అది తలకిందులై నిందితుడికి పేరైంది. ప్రమాదం చేసిన డ్రైవరు క్రిమినల్ కోర్టులో ముద్దాయి, పరిహారం కేసులో ప్రతివాది. ఒకే సంఘటనకు రెండు కేసులు, రెండు నిరూపణ ప్రమాణాలు. ఈ భేదం గమనించక ‘కేసు కొట్టేశారు కదా, మళ్లీ ఈ నోటీసు ఏమిటి’ అని వాపోయేవారు కోర్టు వరండాలలో తరచూ కనిపిస్తారు.

స్మృతులలో బండి, సారథి, స్వామి

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో వాహన ప్రమాదాల ప్రసక్తి ఉంది. పది సందర్భాలలో దండన లేదని 290 నుంచి 292 వరకు గల శ్లోకాలు చెబుతాయి. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, బండి పక్కకో వెనక్కో జరిగినా, ఇరుసో చక్రమో విరిగినా, పట్టెడలు, పగ్గాలు తెగినా, ‘తప్పుకో’ అని అరిచిన తరువాత కూడా ఎదుటివాడు తప్పుకోకపోయినా బండివానికి, యజమానికి దండన లేదు. నేటి న్యాయవాది ‘యాంత్రిక లోపం’ అనీ, ‘బాధితుని సహనిర్లక్ష్యం’ అనీ వేసే జవాబులు ఈ జాబితాలో బీజరూపంలో ఉన్నాయి.

ఆ తరువాతి రెండు శ్లోకాలు మనకు మరింత ముఖ్యం. సారథికి (మనువు వాడిన మాట ‘ప్రాజకుడు’) నేర్పు లేక బండి దారి తప్పి హింస జరిగితే స్వామికి రెండువందల పణాల దండన. సారథి సమర్థుడైతే దండన సారథికే. సారథి అసమర్థుడైతే బండిలో కూర్చున్నవారందరికీ తలా నూరు పణాలు. శిక్షణ లేనివాణ్ణి పనిలో పెట్టుకోవడమే స్వామి చేసిన దోషమని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే యజమాని తన సొంత తప్పుకే బాధ్యుడు, సేవకుడి తప్పుకు కాదు. ఈ సూక్ష్మభేదం ఆధునిక న్యాయంలో చెరిగిపోయింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఇంకొక అడుగు వేశాడు. బండి నడిపినవాడు బాలుడైతే బండిలో ఉన్న స్వామిని దండించాలన్నాడు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షను, మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుణ్ణి లేదా వాహన యజమానిని దోషిగా భావించి, మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించమంటోంది. ఈ రెండింటికీ వంశసంబంధం ఏమీ లేదు. ఒకే చిక్కు రెండు కాలాలలో ఒకే రకమైన జవాబును రాబట్టింది, అంతే.

ఈ దండన రాజుకు చెందేది, గాయపడినవానికి కాదు. కానీ దీనికి కొద్దిగా ముందు, 287వ శ్లోకంలో, అవయవాలకు దెబ్బ తగిలినా, గాయమై రక్తం కారినా ‘సముత్థానవ్యయం’ ఇప్పించాలని ఉంది. తిరిగి లేచి నిలబడేందుకు అయ్యే ఖర్చు అని దాని అర్థం. నష్టపరిహారం అనే మాటకంటే ఇది నాకు ఎక్కువ నచ్చింది. అయితే ఇదే అధ్యాయం కొట్టినవాని వర్ణం, దెబ్బ తిన్నవాని వర్ణం చూసి దండన హెచ్చించి తగ్గించే అధ్యాయం కూడా. మన పూర్వులకు అన్నీ తెలుసునని సంబరపడడానికి ఇక్కడ చోటు లేదు. యాజ్ఞవల్క్యస్మృతిని, దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను అనుసరించి 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం రచించడం వల్ల ఈ వ్యవహార పరిభాష తెలుగు పద్యంలోకి వచ్చింది. కానీ నేటి ట్రిబ్యునళ్లలో నడిచే న్యాయం ఆ దారిన వచ్చింది కాదు. అది ఓడలో వచ్చింది.

మరణించినవాడు దావా వేయలేడు

ఆంగ్లన్యాయంలో ఒక పాత సూత్రం ఉండేది. వ్యక్తిగతమైన దావాహక్కు ఆ వ్యక్తితోపాటే అంతరిస్తుందని దాని భావం. దీని ఫలితం విచిత్రం. కాలు విరగ్గొట్టినవాడు పరిహారం చెల్లించాలి, ప్రాణం తీసినవాడు చెల్లించనక్కరలేదు. రైళ్లు వచ్చి ప్రమాదాలు పెరిగాక 1846లో ఇంగ్లండులో లార్డ్ కాంప్‌బెల్ చట్టం ఈ లోపాన్ని సరిచేసింది. దాన్ని అనుసరించి మన దేశంలో 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. భార్య, భర్త, తల్లిదండ్రులు, సంతానం మాత్రమే దాని లబ్ధిదారులు. గాయపడి బ్రతికినవారి సంగతి సాధారణ సివిలు దావాలకే వదిలేశారు. ఆ దావాకు విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి, తప్పు నిరూపించాలి, గెలిచాక డిక్రీ అమలుకు మళ్లీ తిరగాలి.

సూత్రం మాత్రం పూర్తిగా చావలేదు. గాయపడినవాడు కేసు నడుస్తుండగా వేరే జబ్బుతో మరణిస్తే గాయానికి సంబంధించిన హక్కు వారసులకు దక్కుతుందా లేదా అన్న వాదం ఇటీవలి దాకా కోర్టులను వేధించింది. మరణకారణంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుందని 2019 సవరణ చెప్పింది. ఆ భాగం 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఒక పాత సూత్రాన్ని పూడ్చిపెట్టడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది.

యజమాని వెనుక నిలిచిన బీమా

1914 నాటి మోటారు వాహనాల చట్టం గాయపడినవారి పరిహారం జోలికి పోలేదు. 1939 చట్టం ఎనిమిదో అధ్యాయంలో తృతీయపక్ష బీమాను తప్పనిసరి చేసింది. చట్టం వచ్చింది 1939లో, ఆ అధ్యాయం అమలైంది 1946 జూలై 1న. నడుమ ఒక ప్రపంచయుద్ధమే గడిచిపోయింది. ఇక్కడ ‘తృతీయపక్షం’ అన్న మాట గమనార్హం. బీమా ఒప్పందం యజమానికీ సంస్థకూ మధ్యది. దారిన పోతూ దెబ్బ తిన్నవాడు ఆ కాగితంలో ఎక్కడా లేడు. అయినా ఆ కాగితం ఎక్కువగా పనికొచ్చేది అతనికే.

1956 సవరణతో ప్రత్యేక క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ల ఏర్పాటుకు దారి ఏర్పడింది. దావా స్థానంలో దరఖాస్తు వచ్చింది. మన జిల్లా కోర్టులలో ఎం.వి.ఓ.పి. అని నంబరు పడేది దీనికే. అందులో ప్రతివాదుల వరుస దాదాపు స్థిరం: మొదటివాడు డ్రైవరు, రెండో స్థానంలో యజమాని, మూడో స్థానంలో బీమా సంస్థ. మొదటి ప్రతివాది చాలాసార్లు కోర్టుకే రాడు, ఎక్స్‌పార్టీ అవుతాడు. రెండో ప్రతివాది పాలసీ నకలు ఇచ్చి పక్కకు జరుగుతాడు. వాదమంతా మూడో ప్రతివాదిది. చక్రం పట్టినవాని తప్పును, ఆ చక్రాన్ని ఎన్నడూ చూడని సంస్థ కాదని వాదిస్తుంది. నాటకంలో పాత్రధారి రంగం మీదికి రాకుండా అతని మాటలు వేరొకరు చెప్పినట్లుంటుంది.

ఆ సంస్థ ఎంతవరకు వాదించవచ్చు? 1959లో బ్రిటిష్ ఇండియా జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు గట్టి గీత గీసింది. చట్టం పేర్కొన్న కారణాలనే బీమా సంస్థ చెప్పుకోవాలి, ఇతర వాదనలు ఎత్తకూడదు. బాధితునికి ఇది పెద్ద అండ అయింది. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమై, 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు మూడో ప్రతివాది అంటే పరోక్షంగా ప్రభుత్వమే.

ప్రభుత్వం ప్రత్యక్షంగా ప్రతివాది అయిన సందర్భమూ ఉంది. ఉదయపూరులో మరమ్మతు చేయించిన కలెక్టరు జీపును వెనక్కి తెస్తూ డ్రైవరు ఒక పాదచారిని ఢీకొన్నాడు. అతడు మరణించాడు. మాది సార్వభౌమాధికారం, మాకు బాధ్యత లేదని రాజస్థాన్ రాష్ట్రం వాదించింది. 1962లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఏ ఇతర యజమానికి ఉండే బాధ్యతో రాష్ట్రానికీ అదేనంది. ఇక ప్రభుత్వ వాహనాలకు, రోడ్డు రవాణా సంస్థలకు తగిన నిధి ఏర్పరచుకొంటే బీమా నుంచి మినహాయింపు పొందే వీలుంది. తెలుగునాట ఆర్టీసీ బస్సు ప్రమాదాల కేసులలో బీమా కంపెనీ లేకుండా సంస్థ ఒక్కటే ప్రతివాదిగా కనిపించడానికి ఇదే కారణం.

తప్పు లేకున్నా

యజమాని బాధ్యతకు హద్దు ఎక్కడ అన్నది మొదటి నుంచీ తెగని ప్రశ్న. 1966 నాటి ఒక కేసులో టాక్సీ యజమాని కారును డ్రైవరుకు అప్పగించాడు. డ్రైవరు దాన్ని, లైసెన్సు పరీక్షకు వెళ్తున్న వేరొకని చేతికిచ్చాడు. అతడు ఒకణ్ణి తీవ్రంగా గాయపరిచాడు. ఆ ప్రయాణం యజమాని పనిలో భాగం కాదని, ఆయన బాధ్యుడు కాడని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. తర్కం నిర్దుష్టం. దెబ్బ తిన్నవానికి మాత్రం ఆ తర్కం వల్ల ఒరిగిందేమీ లేదు.

1977లో సుప్రీంకోర్టు, నిర్లక్ష్యం రుజువు కానిదే యజమానికి గాని, బీమా సంస్థకు గాని బాధ్యత లేదని స్పష్టం చేసింది. మూడేళ్లలోనే న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ కలం వేరే స్వరంలో పలికింది. బస్సు విద్యుత్ తీగకు తగిలి ప్రయాణికులు మరణించిన కేసులో, క్రిమినల్ కోర్టు డ్రైవరును విడుదల చేసినంత మాత్రాన పరిహారం ఆగదని, చిన్నచిన్న సాంకేతిక కారణాలతో యజమానులను, డ్రైవర్లను తప్పించవద్దని 1980లో ఆయన ట్రిబ్యునళ్లకు చెప్పారు. పార్లమెంటు 1982లో 92ఎ సెక్షను చేర్చి, తప్పు రుజువుతో పని లేకుండా మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు ఇప్పించింది. 1988 చట్టం ఈ మొత్తాలను 25,000, 12,000 చేసింది. 1994 సవరణ 50,000, 25,000 చేసింది. 2019 సవరణలోని 164వ సెక్షను మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి 2.5 లక్షలు నిర్ణయించింది. అంకెలు పెరగడంకంటే ముఖ్యమైన మార్పు ఇందులో ఉంది. ఈ సెక్షన్ల కింద యజమాని ‘నా తప్పు లేదు’ అన్న వాక్యం నిజమైనా నిష్ప్రయోజనం. మనువు చెప్పిన పది మినహాయింపులలో ఒక్కటీ ఇక్కడ పనిచేయదు.

గాయానికి వెల కట్టే పద్ధతిని ఇక్కడ విస్తరించను. మరణానికి 2009 తీర్పు వయసుల వారీగా గుణకాల పట్టిక ఇచ్చింది. 15 నుంచి 25 ఏళ్లవారికి 18, అరవై అయిదు దాటినవారికి 5. గాయాల విషయంలో 2011 నాటి తీర్పు చేసిన ఒక వివేచన మాత్రం చెప్పక తప్పదు. వైద్యుడు ధ్రువీకరించే అంగవైకల్య శాతం వేరు, సంపాదనశక్తిలో నష్టం వేరు. ఎడమచేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోతుంది. అదే గాయమైన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. సముత్థానవ్యయం అన్న పాత మాట అడుగున ఉన్న ప్రశ్న ఇదే: ఈ మనిషి తిరిగి లేచి నిలబడడానికి ఏమి కావాలి? ఈ ప్రశ్నకు జవాబు ప్రతివాది చేసిన తప్పు తీవ్రతను బట్టి ఉండదు. క్షణం ఏమరినవాడు ఒక యువ ఇంజనీరును ఢీకొంటే కోటి కావచ్చు, తాగి నడిపినవాడు ఒక వృద్ధుణ్ణి ఢీకొంటే కొన్ని లక్షలే కావచ్చు. బీమా ఉన్నంతవరకు ఈ అసమానత ఎవరినీ బాధించదు. లేనప్పుడు మొత్తం భారం ఒక మనిషి మీద పడుతుంది.

రిజిస్ట్రేషను పుస్తకంలోని పేరు

పరిహార చరిత్రను బాధితుని విజయగాథగా రాసినప్పుడు మరుగున పడేది ఈ చివరి సంగతి. లైసెన్సు లేకపోవడం వంటి ఉల్లంఘనలలో బీమా సంస్థే ముందు చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకొనే పద్ధతిని నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో 2004లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. బాధితునికి డబ్బు అందుతుంది, ప్రతివాది స్థానం మాత్రం చక్రంలా తిరిగి యజమాని దగ్గరికే వస్తుంది. పాలసీయే లేకపోతే మొదటి నుంచీ అతడొక్కడే. చట్టంలోని 174వ సెక్షను ప్రకారం ఆ మొత్తాన్ని కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. కొత్త కార్లకు మూడేళ్లు, ద్విచక్ర వాహనాలకు అయిదేళ్లు ఒకేసారి తృతీయపక్ష బీమా కట్టాలని 2018 సెప్టెంబరు నుంచి నియమం పెట్టడానికి, మొదటి ఏడాది దాటాక పాలసీ పునరుద్ధరించనివారు విస్తారంగా ఉండడమే కారణం.

యజమాని ఎవరన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. వాహనం చేతులు మారినా రిజిస్ట్రేషనులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో వాహనం ఒకరి తరువాత ఒకరికి పలుమార్లు అమ్ముడుపోయింది. బాధితుడు ఆ గొలుసును వెతుక్కొంటూ పోనక్కరలేదని కోర్టు భావం. నాకిది సరైన తీర్పనే అనిపిస్తుంది. అనిపిస్తూనే ఒక ఇబ్బందీ కలుగుతుంది. దానికి కారణం స్వానుభవం కనుక పాఠకులు మన్నించాలి.

మా మేనమామ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించారు. తన పాత కారును 2008లో అమ్మేశారు. బదిలీ ఫారాల మీద సంతకాలు చేసి, తాళాలు ఇచ్చి, డబ్బు తీసుకొన్నారు. కొన్నవాడు పేరు మార్చుకోలేదు, పాలసీ కట్టలేదు. ఏడాది తరువాత ఆ కారు ఒక తాపీ మేస్త్రీని గుద్దింది. కుడిచేయి మోచేతి దగ్గర నుజ్జయింది. నోటీసు మామయ్య పేరున వచ్చింది. కొన్నవాని ఆచూకీ దొరకలేదు. నడిపినవాడు క్రిమినల్ కోర్టులో తప్పొప్పుకొని జరిమానా కట్టి వెళ్లిపోయాడు. పైన చెప్పిన తీర్పు అప్పటికి రాలేదు గాని, ట్రిబ్యునలు అదే దారి పట్టి రిజిస్ట్రేషను పేరునే ప్రమాణంగా తీసుకొంది.

సాక్ష్యం రోజున నేను కూడా వెళ్లాను. మేస్త్రీ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మామయ్య చెప్పినదాంట్లోనూ లేదు. తీర్పు వచ్చాక అప్పీలుకు వెళ్దామని మా వాళ్లు పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. ‘వాడి చెయ్యి ఎలా ఉందో చూశావుగా నువ్వు’ అన్నారు నాతో. చివరికి లోక్ అదాలత్‌లో మొత్తం కొంత తగ్గించి, వాయిదాలలో చెల్లించేలా రాజీ కుదిరింది. ప్రతి వాయిదాకూ ఇద్దరూ కోర్టు దగ్గర కలుసుకొనేవారు. ఒకసారి మేస్త్రీ తనతోపాటు పదేళ్ల కొడుకును తెచ్చాడు. మామయ్య ఆ పిల్లవాణ్ణి ఎక్కాలు అడిగారు.

పరిశోధకుడిగా నేను వేసుకొన్న ప్రశ్న అప్పటిది. ఉపోద్ఘాతంలో చెప్పిన పోలిక ఇక్కడ సగమే నిలిచింది. ఏమరుపాటు అన్న అర్థంలో ఆ ప్రమాదం మామయ్యది కాదు. ఆపద అన్న అర్థంలో ఇద్దరిదీ. చట్టం మొదటి అర్థాన్ని వదిలేసింది, రెండో అర్థంలో ఉన్న ఇద్దరిలో ఒకరినే గుర్తించింది. బదిలీ దరఖాస్తు కొన్నవాడే చేసుకొంటాడని వదిలేయడమే ఆయన అజాగ్రత్త అనవచ్చు. ట్రిబ్యునలులో ఎదుటి న్యాయవాది అన్నదీ అదే. కానీ ఆ అజాగ్రత్తకూ ఆ చేతికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచే సాధనం 1939 చట్టంలో గాని, 1988 చట్టంలో గాని నాకు కనిపించలేదు.

కారును తరువాత ఎవరో పాత ఇనుముగా తూకానికి అమ్మినట్లు తెలిసింది. రవాణా కార్యాలయం లెక్కలో మాత్రం అది మామయ్య పోయేనాటికి కూడా ఆయన పేరనే ఉంది.